పిల్లి లేనివాడి పని

మా క్లాసులో పద్నాలుగు పిల్లులు.
నాకు ఒక్కటీ లేదు.
అద్దె కాగితంలో నాలుగో షరతు:
జంతువులు కూడదు.
అందుకని మిస్ పరాతా
ఛార్జర్ల పెట్టె నా చేతికిచ్చింది.
"సిమీ, నువ్వు బ్యాటరీల మంత్రివి" అంది.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను,
కొంచెం ఆలస్యంగా.

అగ్గిపెట్టెలో సగం ఉంటుంది ఆ యంత్రం.
మెడపట్టీకి తగిలిస్తే
ఐదు నిమిషాలకోసారి ఆకాశాన్ని అడుగుతుంది
నేనెక్కడున్నానని.
ఆకాశం చెబుతుంది.
శుక్రవారం పొద్దున కంప్యూటర్‌కి కలిపితే
ఓటాగో తీరంలో మా చిన్న ఊరి మీద
చుక్కలు పొంగుతాయి, పాలు పొంగినట్టు.

"మాది సోఫా దిగదు" అన్నాడు లాక్లన్.
వాళ్ళ బిస్కట్ కాలుగాలిన పిల్లి లాగే
రైలు పట్టాల దాకా, గొర్రెల కంచె దాకా,
చర్చి వెనక చెత్తడబ్బా దాకా తిరిగొచ్చింది.
ముసలి డచెస్ మాత్రం
ఏడు రాత్రులూ ఒకే చుక్క.
బ్యాటరీ చచ్చిందనుకున్నాను.
కాదు, అది నిద్ర.

మారమా వాళ్ళ కెప్టెన్ గీత వేరు.
నల్లది, ఒక చెవి చిరిగింది.
ఒంటిగంట పదికి వంతెన దాటి
మా వీధిలోకి మళ్ళుతుంది.
పదిహేను నుంచి మూడు దాకా
మా వెనక గుమ్మం మెట్టు మీదే.
చుక్క మీద చుక్క, ఇరవై రెండు.

నాన్నది చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
గోడ అవతల అమ్మమ్మ గురక.
ఆ వేళప్పుడు ఊళ్ళో నేనొక్కణ్ణే
మేలుకుని ఉన్నాననుకునేవాణ్ణి, ఇన్నాళ్ళూ.
మధ్యలో ఒక చెక్క తలుపు, అంతే.

మూడు దాటాక చుక్కలు ఇసుకదిబ్బల వైపు పోయాయి.
అక్కడ సెప్టెంబరులో, వసంతం మొదట్లో,
మేం కట్టిన తాడు ఉంది.
తాడు లోపల డాటరెల్ పిట్ట గూడు.
గూడంటే గూడు కాదు,
మడమతో నొక్కినంత గుంట,
గులకరాళ్ళలో గులకరాళ్ళలా మూడు గుడ్లు.
మంగళవారం తల్లి వాటి మీద కూర్చుని ఉంది.
బుధవారం ఈకలు.
గుడ్లు మూడూ అలాగే, చల్లగా.

మారమా నా కుర్చీ పక్కకొచ్చి నిలబడింది.
"ఆ నాలుగు చుక్కలూ తీసెయ్ సిమీ,
తెలిసింది నీకొక్కడికేగా."
నిజమే. చెరిపే మీట నా వేలి కిందే ఉంది.
అసలు మాట ఏమిటంటే
అంతకుముందే నేను ఇరవై రెండు తీసేశాను.
అవి నావి అనిపించింది.
కళ్ళు మూసుకుని పాలు తాగేది
పిల్లి ఒక్కటే కాదు.

ఒక్కొక్కటీ మళ్ళీ పెట్టాను.
తను చూస్తూనే ఉంది.
"మీ మెట్టు మీదా?" అంది.
"ఊ."
"అన్ని రోజులూ?"
"ఊ."
కాసేపటికి ఎర్ర స్కెచ్ పెన్ను తనే తీసుకుంది,
గోడ మీది పెద్ద మ్యాపులో, తాడు లోపల,
నాలుగూ పెట్టింది.
చెయ్యి వణకలేదు. చెవులే ఎర్రబడ్డాయి.

పిట్టలు పొదిగే నెలల్లో
రాత్రిళ్ళు పిల్లులు ఇళ్ళలోనే ఉండాలని
కౌన్సిల్‌కి ఉత్తరం రాద్దామా?
చేతులెత్తమంది మిస్ పరాతా.
"పిల్లి లేనివాడికి ఓటేంటి" అన్నాడు లాక్లన్,
"వాడికి పోయేదేముంది?"
మారమా ఎత్తింది.
తర్వాత నేను.
బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటించి
అందరికన్నా చివర లాక్లన్.

ఇప్పుడు పెట్టెలో పద్నాలుగు పచ్చ దీపాలు
నిండుగా వెలుగుతున్నాయి,
ఆకాశాన్ని అడగడానికేమీ లేక.
ఒంటిగంట పదిహేనుకి మెలకువ వస్తుంది.
తలుపు తీసి, మెట్టు మీద
ఒక పక్కకి జరిగి కూర్చుంటాను.
ఇసుకదిబ్బల వైపు నుంచి ఏదో పిట్ట
పిట్, పిట్ మంటుంది, ఆగుతుంది.
చెక్క చల్లగా ఉంటుంది.
ఇరవై రెండు చుక్కలంత సేపు కూర్చోలేను,
నాకు నిద్రొస్తుంది.